తొట్టెడు చాక్లెట్‌కు పదును

గోదెలీవ్ అత్తయ్య జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళిన గంటలోనే అనెలోర్ మాట ఇచ్చేసింది. నోరు జారి ఇచ్చిన మాట కాదు. ఎప్పట్నుంచో నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్న మాట.

మాంసం కొట్టు బౌడ్‌వైన్ చేతులు తుడుచుకుంటూ చాక్లెట్ల దుకాణంలోకి వచ్చి, అద్దాల బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి నిలబడ్డాడు. మీర్‌దాలె ఊళ్ళో ఉత్సవాలన్నీ ఆయన భుజాల మీదే నడుస్తాయి. వేసవి ఊరేగింపులో పెద్దబొమ్మల్ని మోసే జట్టుకు ఆయనే పెద్ద. నవంబరులో, పిల్లలకు కానుకలు తెచ్చే తెల్లగడ్డం సాధువు సింట్ నికోలాస్ పడవ దిగే రోజున రేవులో పిల్లలకు ఏం పంచాలన్నదీ ఆయన తలనొప్పే.

"పోయినేడు చాక్లెట్ సింట్ బొమ్మల్ని ఫ్యాక్టరీ నుంచి తెప్పించాం కదమ్మాయ్," అన్నాడు. "మా మనవరాలు సింట్ టోపీ కొరికి ఏమందో తెలుసా? తాతా, కొవ్వొత్తి బావుంది అంది."

"ఈ ఏడు మేం చేస్తాం."

"ఎన్నో అడగవా?"

"ఎన్ని?"

"ఆరువందలు. అరచెయ్యంత ఎత్తు, లోపల బోలు. పడవొచ్చే శనివారానికి."

"సరే."

బౌడ్‌వైన్ మోచేతులు ఎత్తేశాడు. "మీ అత్తనడగాలి కదా?"

"చెబుతా."

"అడుగుతావా, చెబుతావా?"

"చెబుతానన్నాగా బాబాయ్. మీరెళ్ళి మీ సాసేజీలు చూసుకోండి."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక అనెలోర్ రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో దాచుకుంది.  భయం ఆమెకు కొత్త కాదు. రెండేళ్ళ కూతురు మిల్లె రెండుసార్లు దగ్గితే, మూడో దగ్గుకి డాక్టరు నంబరు వెతికే మనిషి. కానీ చాక్లెట్ దగ్గర ఆ భయం వేళ్ళ దాకా వచ్చి ఆగిపోయేది. లోపలికి పోయేది కాదు.

గోదెలీవ్ అనెలోర్ భర్త వానెస్‌కు మేనత్త. పెళ్ళయిన కొత్తలో రిబ్బన్లు కట్టడానికని ఆమె దుకాణంలో అడుగుపెట్టిన అనెలోర్, రిబ్బన్ల నుంచి అచ్చులకి, అచ్చుల నుంచి గిన్నె దగ్గరికి ఎదిగింది. దుకాణం వెనక గదిలో ఉన్నదల్లా ఒక పాలరాతి బల్ల, ఒక పెద్ద గిన్నె, కిటికీ పక్కన ఒక ఫ్రిజ్. చాక్లెట్‌ను కరిగించి, చల్లార్చి, అందులో గట్టి చాక్లెట్ పలుకులు ఓ గుప్పెడు కలుపుతారు. పాలకు తోడు వేసినట్టే. ఆ తోడు వల్ల గిన్నెడు చాక్లెట్టూ ఒక క్రమంలో పేరుకుని పదునుకొస్తుంది. పదునొచ్చిందీ రానిదీ గోదెలీవ్ చెంచా కొన కింది పెదవికి తాకించి చెప్పేది. పెదవికి చల్లగా తగలాలి, కానీ జిల్లుమనకూడదు. ఆమె పెదవి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. పదునొచ్చిన చాక్లెట్ అచ్చులోంచి తనంతట తనే జారుతుంది, అద్దంలా మెరుస్తుంది. పదును తప్పితే మొండికేస్తుంది, పైన బూడిద చారలు కడుతుంది. దాన్ని గోదెలీవ్ 'నెరవడం' అనేది.

కత్తిరించిన జుట్టుతో ఆమె తిరిగొచ్చి సంగతి విన్నది.

"ఆరువందలా? ఆ బౌడ్‌వైన్‌కి సున్నాలు లెక్కపెట్టడం చిన్నప్పుడూ రాదు. నా పక్క బెంచీలోనే కూర్చునేవాడు. నీకూ రాదా?"

"మనం రోజుకు యాభై అరవై చేస్తాం అత్తయ్యా. పెద్ద తొట్టి ఉంటే..."

"గిన్నెడు చాక్లెట్ చెప్పిన మాట వింటుంది. తొట్టెడు చాక్లెట్ వినదు. మంద పెరిగితే కాపరి మాటెవడు వింటాడు?"

"కాపరి గొంతు కాస్త పెంచాలి."

గోదెలీవ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కూర్చోవడంలో మోకాళ్ళ నొప్పి కనిపించింది. "ఇదుగో పిల్లా, దాచడమెందుకు. కొత్త సంవత్సరంతో ఈ తలుపుకి తాళం వేద్దామని ఒకరోజు అనుకుంటా. నీ చేతిలో పెడదామని ఇంకోరోజు అనుకుంటా. రేకు అచ్చులు సేకరించేవాడొకడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి అడిగాడు. ఈ ఆరువందలే తేల్చనీ. నా గుమ్మం దాటి ఒక్క నెరిసిన సింట్ బయటికెళ్ళిందా, తాళమే. వెళ్ళలేదా, దుకాణం నీది."

"సింట్ గడ్డం ఎటూ నెరిసిందే కదా అత్తయ్యా."

"ఆయన గడ్డం నెరవొచ్చు. నా చాక్లెట్ నెరవకూడదు."

అనెలోర్ నవ్వింది. నవ్వాక ఆ మాట గుండెలో రాయిలా దిగింది. ఈ గది కాకపోతే ఆమెకు వేరే గది తెలియదు. బడి సగంలో మానేసిన రోజు నుంచీ ఏ పని చేసినా అది ఇంకొకరి పనిగానే అనిపించింది. ఇది మాత్రం మొదటి రోజు నుంచే తన పని.

*

నది అవతలి ఊళ్ళో బేకరీ మానేసిన పెద్దాయన ఒకడు తన చక్రం తొట్టిని ఎరువిచ్చాడు. కడుపు నిండా చాక్లెట్ పట్టే తొట్టి అది. లోపల ఒక చక్రం ఆగకుండా తిరుగుతూ చాక్లెట్‌ను పైకి తోడి పలచటి ధారగా జార్చేది. ధార కింద అచ్చు పెడితే చాలు, నిండుతుంది. వేడి ఎంతలో పెడితే అంతలోనే నిలిచి ఉంటుంది. వానెస్, మరో ఇద్దరూ కలిసి దాన్ని వెనక గదిలోకి తెచ్చేసరికి తలుపు గడప కొంచెం ఊడింది.

"గడప ఊడదీసుకుని వచ్చింది అదృష్టం," అన్నట్టు చూసింది అనెలోర్. గోదెలీవ్ మాత్రం ఆ తొట్టిని కోడలు తెచ్చిన వీధి కుక్కను చూసినట్టు చూసింది.

మొదటి రోజు పొద్దున అంతా పువ్వుల్లో పెట్టినట్టు సాగింది. చాక్లెట్ కరిగింది, చల్లారింది, అనెలోర్ తోడు వేసింది. చెంచా కొన ఇద్దరి పెదవులూ తాకింది. గోదెలీవ్ తలూపింది. అచ్చు అంటే రెండు సగాలుగా ఉండే రేకు సింట్. రెంటినీ క్లిప్పులతో బిగించి, తలకిందులుగా పట్టి పాదాల వైపు నుంచి చాక్లెట్ నింపి, రెండు దెబ్బలు తట్టి గాలి తీసి, మళ్ళీ తిప్పి కారబోస్తారు. గోడలకంటుకున్నది మిగిలి, లోపల బోలు బొమ్మ తయారవుతుంది. మొదటి ముప్పై నలభై అచ్చులు ఆ చేతుల్లో ఆటబొమ్మల్లా తిరిగాయి.

అప్పుడు ధార మందగించింది.

ముందు అనెలోర్ గమనించలేదు. కారబోసిన చాక్లెట్ కాస్త నెమ్మదిగా కారుతోందనిపించింది. తర్వాత అది జావలా అయింది. తర్వాత గంజి. అచ్చు తిరగేస్తే లోపలిది బయటికి రానంటోంది. థర్మామీటరు చూస్తే పొద్దుటి అంకెలోనే నిలబడి ఉంది, ఏ పాపమూ ఎరగనట్టు.

"పదును పోతోంది," అంది గోదెలీవ్. "తోడు చాల్లేదు. ఇంత తొట్టికి ఆ గుప్పెడేం చాలుతుంది? ఇంకో గుప్పెడు పడెయ్."

ఆమె జీవితమంతా అదే చేసింది. అనుమానమొస్తే ఇంకాస్త తోడు. గిన్నె దగ్గర ఎప్పుడూ అది తప్పు కాలేదు. అనెలోర్ ఇంకో గుప్పెడు వేసింది. చాక్లెట్ ఇంకా బిగిసింది. మూడో గుప్పెడు వేసేసరికి చక్రం మూలిగింది. బోలుగా ఉండాల్సిన సింట్‌లు చెక్క బూట్లంత మందంగా, ఇటుకలంత బరువుగా తయారయ్యాయి.

ఫ్రిజ్ సంగతి మరో కథ. మామూలుగా అందులో ఐదారు అచ్చులు హాయిగా నిలబడేవి. ఇప్పుడు అరలు వేసి, ఒకదాని మీద ఒకటి, పక్కన పక్కన, బస్సులో జనంలా కుక్కారు. మధ్యాహ్నం తీసి చూస్తే అంచుల్లో ఉన్నవి టక్కున ఊడొచ్చాయి. నడుమ ఉన్నవి అచ్చును వదల్లేదు. బలవంతంగా విడదీస్తే సగం సింట్ ఒక వైపు, సగం ఇంకో వైపు. వచ్చినవి కూడా పొగమంచు పట్టిన కిటికీలా ఉన్నాయి.

గోదెలీవ్ చెక్క సుత్తి తీసుకుంది. ఒక్కొక్క సింట్ తలా పగలగొట్టి కరిగించే గిన్నెలో వేసింది. నెమ్మదిగా, శ్రద్ధగా. కోపమైనా బావుండేది.

"అత్తయ్యా."

"ఏంటి?"

"రేపు తొట్టి ఆడించను. రేపు ఆలోచిస్తా."

"ఆలోచనకి తొట్టెందుకు. గిన్నె చాలు," అంది గోదెలీవ్, కానీ సుత్తి పక్కన పెట్టింది.

*

మర్నాడు మిల్లెను పక్కింటావిడ దగ్గర దింపి అనెలోర్ ఒక్కతే వెనక గదిలోకి వచ్చింది. తొట్టిని మళ్ళీ కొద్దిగా నడిపి, చాక్లెట్ బిగిసేదాకా ఊరికే చూస్తూ కూర్చుంది. బిగిసింది. అందులోంచి ఒక గరిటెడు చిన్న గిన్నెలోకి తీసి, వేడి నీళ్ళ మీద ఒక్క క్షణం పెట్టి తీసింది. జావ జారుగా అయింది. కత్తి మొన ముంచి పక్కన పెట్టింది. పదును పోయి ఉంటే అది ఎంతసేపటికీ జిడ్డుగానే ఉండాలి. కాసేపటికి చూస్తే, కత్తి మీద చాక్లెట్ ఆరిపోయి తళతళలాడుతోంది.

అనెలోర్ కత్తిని వెలుగులో అటూ ఇటూ తిప్పింది. అంటే పదును పోలేదు. పదును ఎక్కువైంది.

గిన్నెడు చాక్లెట్ బతికేదెంతసేపు? పదునుకి రాగానే అచ్చుల్లోకి పోయేది. తోడు లోపల ఏం చేస్తుందో చూసేంత తీరిక దానికి ఉండేది కాదు. తొట్టి అలా కాదు, పొద్దంతా బతుకుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటే తోడు కూడా పెరుగుతూనే ఉంటుంది, పొయ్యి గట్టు మీద మరిచిపోయిన పెరుగు గంటగంటకూ పులిసినట్టు. పులిసిన దానికి తను నిన్న ఇంకో రెండు గుప్పెళ్ళ తోడు వేసింది! పగలబడి నవ్వొచ్చింది ఆమెకు, ఒంటరిగా ఉన్నా సరే.

పులిసిన పెరుగులో పాలు పోస్తే పులుపు విరుగుతుంది, గట్టి పిండిలో నీళ్ళు పోస్తే వదులవుతుంది. చాక్లెట్‌లో ఏది పోయాలి? చాక్లెట్టే. తోడు వేయని, వేడి చాక్లెట్. కొంచెం కొంచెంగా. బయటికి పోయినంత లోపలికి పోస్తూ ఉంటే తొట్టి ఎప్పటికీ బిగవదు.

ఫ్రిజ్ సంగతి చెయ్యి చెప్పింది. నాలుగు అచ్చులు నింపి దగ్గరగా పేర్చి, కాసేపాగి, రాత్రిళ్ళు మిల్లె మెడ మీద వేసినట్టు మణికట్టు వేసి చూసింది. వెచ్చగా ఉన్నాయి. అంత చల్లని ఫ్రిజ్‌లో, ఒకదానికొకటి ఆనుకుని, ఒళ్ళు కాలిపోతున్న పిల్లల్లా. గట్టిపడేటప్పుడు చాక్లెట్ తన వేడి తాను వదులుతుంది. ఒకటైతే ఆ వేడి ఎటో పోతుంది, వంద ఒకచోట చేరితే ఒకదానికొకటి జ్వరం తెచ్చుకుంటాయి. వీటికి ఫ్రిజ్ కాదు కావాల్సింది. చోటు కావాలి. చల్లగా, పొడిగా, విశాలంగా, గాలి ఆడేలా.

మీర్‌దాలెలో అలాంటి చోటు ఒక్కటే ఉంది. దాని తాళం బౌడ్‌వైన్ నడుముకు వేలాడుతుంటుంది.

*

"పెద్దబొమ్మల సావిడా?" బౌడ్‌వైన్ కత్తి దించాడు. మాంసం కొట్టులో నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ళూ చెవులు రిక్కించారు. "అమ్మాయ్, వాళ్ళు నిద్రపోతున్నారు."

ఊరి పెద్దబొమ్మలు రెండు. లాకుల కాపలాదారు యాన్, అతని పెళ్ళాం కాత్యె. ఇంటి కప్పును దాటే ఎత్తు. వేసవి ఊరేగింపు అయ్యాక వాళ్ళను సావిట్లో నిలబెట్టి తలుపు వేస్తే, మళ్ళీ వసంతం దాకా తెరవకూడదు. నిద్ర చెడితే మరుసటేడు నది పొంగుతుందని ఊరి మాట.

"నిద్ర లేపం బాబాయ్. గుసగుసగా మాట్లాడుకుంటాం."

"అదొక్కటే కాదు..." బౌడ్‌వైన్ గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆ ముగ్గురికీ వినపడేంతే తగ్గించాడు. "బట్టలు కుట్టు మరమ్మతుకి పంపాం. కాత్యె ఒంటి మీద నూలుపోగు లేదు."

"నేను పెళ్ళయిన ఆడదాన్ని, తట్టుకుంటాను."

"నీ సంగతి కాదమ్మా. యాన్ సంగతి. ఆయనక్కూడా లేదు."

ముగ్గురిలో ఒకావిడ ముక్కు చీదింది, నవ్వాపుకోలేక. "తెరవవయ్యా బౌడ్‌వైన్," అంది. "మేమూ ఒకసారి చూసినట్టుంటుంది."

తాళం తీయించడం అంత కష్టం కాలేదు. కష్టమంతా గోదెలీవ్ దగ్గరే వచ్చింది. తొట్టి గురించి అనెలోర్ చెప్పింది ఆమె కళ్ళు చిట్లించి విన్నది. సావిడి మాట ఎత్తగానే అడ్డంగా తలూపింది.

"చాక్లెట్ పసిపిల్లలాంటిది, పక్కనున్న వాసనల్లా పీలుస్తుంది. కాత్యె పావడాల్లో కలరా ఉండలు వేస్తారు. ఊళ్ళో పిల్లలందరికీ కలరా ఉండల సింట్‌లు పంచుతావా?"

"బట్టలు అక్కడ లేవు కదా."

"బట్టలు పోయినా వాసన పోతుందా? నా మొగుడు పోయి ఎన్నేళ్ళయింది, ఆ అల్మారాలో ఇంకా చుట్ట వాసనే."

 అనెలోర్ ఆలోచించని సంగతి అది. చాలా మంచి సంగతి. "అయితే మీరే వచ్చి వాసన చూడండి," అంది.

గోదెలీవ్ వచ్చింది. ఒక చేత చేతికర్ర, ఇంకో చేత అప్పుడే పదునుకొచ్చిన చాక్లెట్ పోసిన మూత డబ్బా పట్టుకుని. సావిడి తలుపు తెరవగానే యాన్, కాత్యె విల్లో బద్దలు అల్లిన రెండు పెద్ద బుట్టల్లా, పైన కాగితపు గుజ్జుతో చేసిన తలలతో చీకట్లోంచి తొంగి చూశారు. కాగితం నానకూడదని ఆ సావిడిని ఊరంతా కలిసి ఎండుగా, గాలి ఆడేలా కట్టారు. నేల మీద పలకల బల్లలు వరసగా ఖాళీగా ఉన్నాయి, ఊరేగింపు సామాను పెట్టేవి.

"కాత్యెని చూసి సిగ్గుపడుతున్నావా గోదెలీవ్?" అన్నాడు బౌడ్‌వైన్ గుసగుసగా.

"ఎందుకు? ఈ వయసులో బద్దలన్నీ అంత తిన్నగా ఉంటే నేనూ బట్టల్లేకుండానే తిరిగేదాన్ని."

వెంట వచ్చిన వానెస్ దగ్గినట్టు చేసి బయటికెళ్ళాడు. గోదెలీవ్ చాక్లెట్‌ను కాత్యె కాళ్ళ దగ్గర మూత తీసి పెట్టించింది. పూర్తిగా గట్టిపడేదాకా చలికి కోటు బిగించుకుని పక్కనే కూర్చుంది. తర్వాత ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది.  

"ఏమీ లేదు," అంది గోదెలీవ్ చివరికి. "ఒట్టి చాక్లెట్. చోటు బావుంది. ఇక చాక్లెట్ ఎలా వస్తుందో అది నీ సంగతి."

*

రెండోసారి తొట్టి ఆడించిన రోజున అనెలోర్ మిల్లె దగ్గు గురించి కూడా ఆలోచించలేదు. పక్కన చిన్న పొయ్యి మీద తోడు వేయని చాక్లెట్ గిన్నె వేడిగా సిద్ధంగా ఉంది. దాని దగ్గర గరిటె పట్టుకుని గోదెలీవ్ కూర్చుంది, అనెలోరే కూర్చోబెట్టింది.

పొద్దున మళ్ళీ అంతే హాయిగా నడిచింది. మళ్ళీ అక్కడికే వచ్చి ధార మందగించింది. గోదెలీవ్ చెయ్యి తన ప్రమేయం లేకుండానే తోడు పలుకుల డబ్బా వైపు వెళ్ళింది. అనెలోర్ ఆ మణికట్టు పట్టుకుంది.

"అది కాదత్తయ్యా. వేడిది. ఒక్క గరిటె."

"పదును చెడితే?"

"చెడదు."

"నీకెలా తెలుసు?"

"నిన్న కత్తి మీద చూశాను. పొయ్యండి."

గోదెలీవ్ ఒక క్షణం కోడలి మొహం చూసింది. గరిటె వంచింది. చక్రం ఆ వేడిని లోపలికి లాక్కుని రెండు చుట్లు తిరిగింది. ధార సన్నపడి, పట్టు రిబ్బనులా తిన్నగా జారింది. గోదెలీవ్ చెంచా కొనతో పెదవికి తాకించుకుంది.  మళ్ళీ తాకించుకుంది.

"ఇంకో గరిటె పొయ్యనా?" అంది.

"ఇంకాసేపాగి. అడుగుతా."

"అడుగుతావా, చెబుతావా?" అంది గోదెలీవ్. బౌడ్‌వైన్ ఊరంతా చాటి ఉంటాడు ఆ ముక్క.

"చెబుతా," అంది అనెలోర్.

అప్పట్నుంచి ఆ గది పాట పట్టింది. నింపడం, తట్టడం, తిప్పడం, కారబోయడం, 'అత్తయ్యా గరిటె' అనడం, వేడిది పడటం. నిండిన అచ్చుల పలకల్ని బొమ్మల మోతగాళ్ళు వీధి దాటించి సావిట్లోకి మోసుకెళ్ళారు. వేసవిలో యాన్‌ను భుజాల మీద నాట్యమాడించే మొనగాళ్ళు. వాళ్ళిప్పుడు పలకను గుడ్ల బుట్టలా పట్టుకుని, కాళ్ళ మునివేళ్ళ మీద నడుస్తూ, "మెల్లగా రా, కాత్యె కదిలింది," "కదిలింది నీ కళ్ళురా," అని గుసగుసలాడుకుంటూ పోతుంటే బజారంతా ఆగి చూసింది. పలకకీ పలకకీ మధ్య మూరెడు ఖాళీ వదలాలని అనెలోర్ ఒక్కొక్కరికీ పదేసిసార్లు చెప్పింది. అలా రోజు తర్వాత రోజు, పాఠశాల గంట కొట్టేదాకా పని, తర్వాత పక్కింటి నుంచి మిల్లెను తెచ్చుకోవడం.

మొదటి పలక విప్పిన ఉదయం, క్లిప్పులు తీసి అచ్చును చేత్తో తడితే, లోపలి సింట్ 'టక్' మని వదిలి ఆమె అరచేతిలో పడ్డాడు. టోపీ, దండం, గడ్డంలో ప్రతి వెంట్రుకా స్పష్టంగా. నునుపు మీద కిటికీ చువ్వలు కనిపించాయి. బరువు చూస్తే ఉత్త గాలి. వానెస్ ఈల వేశాడు. గోదెలీవ్ కళ్ళద్దాలు సవరించుకుని, సింట్ మెడలో ఎర్ర రిబ్బన్ కట్టి పెట్టెలో నిలబెట్టింది. ఏదీ ఆమె చేతి మీదుగా తప్ప పెట్టెలోకి పోలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నానికి గది గోడల వెంట పెట్టెలు నిండాయి. చివరి పలకలు కూడా సావిట్లోంచి వచ్చాయి, అచ్చులు విప్పేశారు. బౌడ్‌వైన్ బండి తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. మర్నాడు పొద్దునే పడవ.

"ఎత్తండ్రోయ్," అన్నాడు.

అనెలోర్ ఆఖరి పెట్టె మూత వేయబోయి ఆగింది. రిబ్బన్ కట్టి ఉన్న ఒక సింట్‌ను బయటికి తీసింది. వీపు వైపు తిప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అంగీ మడతల్లో సన్నగా, ఊదితే పోతుందేమో అన్నంత సన్నగా, బూడిద చార. ఆ పెట్టెలోంచి ఇంకోటి తీసింది. ఇంకోటి. అన్నీ ఒకే పలకవి. ఆ పలకను ఎవరో సావిట్లో తూర్పు కిటికీ కింద పెట్టి ఉంటారు. పొద్దుటి ఎండ ఒక గంట తగిలినా చాలు.

"ఏమైంది?" అన్నాడు బౌడ్‌వైన్.

చూపించింది. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. "ఏది? ఇదా? అమ్మాయ్, పిల్లలు దీన్ని కళ్ళతో తింటారా? నోట్లో చీకటి. అక్కడెవరికి కనపడుతుంది?"

"నాకు కనపడింది."

"మీ అత్త చూసి రిబ్బన్ కట్టింది. ఆవిడకంటే నీకెక్కువ తెలుసా?"

 గోదెలీవ్ బల్ల అవతల రిబ్బన్ల చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అనెలోర్ ఆమె వైపు చూడలేదు. చూస్తే, ఆవిడ కట్టిన ముడులు ఆవిడ ముందే విప్పాల్సి వస్తుంది. మూత వేసేస్తే సరిపోతుంది. బండి గుమ్మం దాటితే దుకాణం తనది. ఒప్పుకున్న మాట ప్రకారం, అత్త చేతి మీదుగా దాటినదాన్ని అత్త కూడా కాదనలేదు.

ఆమె పెట్టె బల్ల మీద బోర్లించి, రిబ్బన్లు ఒక్కొక్కటీ విప్పి పక్కన పెట్టింది. చెక్క సుత్తి అందుకుంది. మొదటి సింట్ తల పగిలిన చప్పుడుకి బౌడ్‌వైన్ కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో, అయ్యో," అన్నాడు. "ఇరవై మంది పిల్లలకి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పొద్దు. సాయంత్రానికి మళ్ళీ పోస్తాను. రేపు పడవ రాకముందే మీ చేతిలో ఉంటాయి. వానెస్, తొట్టి వెలిగించు. మిల్లెని నువ్వే తీసుకురా, దగ్గు మందు సంచిలో ఉంది."

గోదెలీవ్ లేచి వచ్చింది. పగలగొట్టని వాటిల్లోంచి ఒకదాన్ని తీసుకుని, కిటికీ దాకా నడిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దించి, చాలాసేపు చూసింది.

"ఏ పక్క?" అంది.

అనెలోర్ వేలితో చార వెంట గీసింది, తాకకుండా.

"ఆ," అంది గోదెలీవ్. తనలో తాను అన్నట్టు. "నేను కట్టి పెట్టేశాను. నాకు కనపడలేదు." ఆ సింట్‌ను తనే బల్ల మీద పెట్టి, కోడలి చేతిలోంచి సుత్తి తీసుకుని ఒక్క దెబ్బ వేసింది. ఆ ముక్కలు ఊడ్చి గిన్నెలో వేసింది. తర్వాత ఏప్రన్ ముడి విప్పుకుంది.

నలభై ఏళ్ళలో ఆమె చివరి రిబ్బన్ కట్టకుండా ఆ గది వదిలి వెళ్ళగా ఎవరూ చూడలేదు.

"ఎక్కడికి?" అన్నాడు బౌడ్‌వైన్.

"ఇంటికి. సూప్ పెట్టుకోవాలి." కోటు వేసుకుంటూ ఆమె అనెలోర్ వైపు తిరిగింది. "కాత్యె బట్టలు బాగుచేసే ఆ సూదీ దారం మనిషికి చెప్పాలి, కొత్త ఏప్రన్ మీద నీ పేరు కుట్టమని. పొడుగాటి పేరు, నీ పొట్ట మీద పడుతుందో లేదో."

"ఇంకా సాయంత్రం పని ఉంది కదత్తయ్యా. ఇవి కూడా నెరిస్తే?"

"నెరిస్తే పగలగొడతావు," అంది గోదెలీవ్. "రేపు రేవు దగ్గర కనబడతాను. నాకొకటి ఉంచు. దొంగతనంగా కాదు, పిల్లల వరసలో నిలబడి తీసుకుంటా." చేతికర్ర తీసుకుని, ఊడిన గడప మీద జాగ్రత్తగా కాలు పెట్టి దాటి వెళ్ళిపోయింది.

తొట్టిలో చాక్లెట్ కరగడం మొదలైంది. అనెలోర్ చేతులు ఏప్రన్ జేబుల్లో లేవు. గరిటె ఎవరికివ్వాలా అని గది చుట్టూ చూసి, గుమ్మంలో బండి పట్టుకుని దిక్కులు చూస్తున్న బౌడ్‌వైన్ దగ్గర ఆ చూపు ఆగింది.

"బాబాయ్," అంది, "చేతులు కడుక్కుని రండి. సబ్బుతో. ఆ మాంసం వాసన పోయేదాకా."